ఉన్నత పాఠశాల చదువు : పాఠ్యవిషయముల ఎంపిక, ఉత్తీర్ణతా నియమములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లవాడు పదవ తరగతి పరీక్ష వ్రాసి ఇంటికి వచ్చిన నాటినుండి ఆ యింటిలో ఒకే ప్రశ్న వినబడును: "ఏ గ్రూపు తీసికొనవలెను?" జవాబు చెప్పువారికి కొదువ లేదు. మేనమామ ఒకటి చెప్పును. పట్టణమునుండి మోటారు సైకిలుపై వచ్చిన కళాశాల ప్రతినిధి మరియొకటి చెప్పును. పొరుగింటి కుఱ్ఱవాడు ఏది తీసికొనెనో అదియే మేలని తండ్రి తలపోయును. పిల్లవానిని అడుగువారు తక్కువ. నియమావళి తెప్పించి చదువువారు అంతకంటెను తక్కువ. ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించి, నడక చూచి, నాలుగు సంతలు తిరుగు రైతే కొడుకు చదువు సంగతి వచ్చునప్పటికి ఒక్క పూటలో సంతకము చేసి, అడ్వాన్సు కట్టి, రసీదు జేబులో వేసికొని వచ్చుచున్నాడు. ఎద్దు కుదరకున్నచో మరల అమ్మవచ్చును. రెండేండ్ల చదువు అట్లు అమ్ముడుపోవు సరకు కాదు.

ఇందు రెండు సంగతులు పెనవేసికొని యున్నవి. ఏ విషయములు చదువవలెను అనునది ఒకటి. చదివినది పూర్తి చేసినట్లు ప్రభుత్వముగాని విశ్వవిద్యాలయముగాని ఒప్పుకొనుటకు ఏ నియమములు నెరవేర్చవలెను అనునది రెండవది. మొదటిదానిని గూర్చి అందరును మాటలాడుదురు. రెండవది ఫలితములు వచ్చినపుడు గాని జ్ఞప్తికి రాదు.

ఈ చిక్కు నేడు పుట్టినది కాదు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత మెట్రిక్యులేషను పరీక్షయే ఉన్నత పాఠశాల చదువునకు కడపటి గట్టుగా నుండెను. అటుపిమ్మట వచ్చిన ఎస్.ఎస్.ఎల్.సి. సర్టిఫికెట్టును కోస్తా, రాయలసీమ జిల్లాల పెద్దలు నేటికిని పెట్టెలలో భద్రపరచుకొని యున్నారు. ఆ కాలపు గణితములో జనరల్ మాథమాటిక్సు, కాంపోజిట్ మాథమాటిక్సు అని రెండు తెఱగులుండెడివని వారికి గుర్తుండవచ్చును. మొదటిది తేలిక, రెండవది కఠినము. తేలిక కదా అని మొదటిదానిని పట్టిన పిల్లలలో కొందఱు కళాశాలకు వెళ్ళి గణితశాఖ కోరినపుడు గాని, తమ చేతితోనే ఆ తలుపు మూసికొంటిమని తెలిసికొనలేకపోయిరి.

1952లో భారత ప్రభుత్వము డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన మాధ్యమిక విద్యా సంఘమును నియమించెను. 1953లో వెలువడిన ఆ సంఘపు నివేదిక ఉన్నత పాఠశాలలో అందరికి ఒకే చదువు తగదని చెప్పి ఏడు శాఖలను సూచించెను: మానవీయ విద్యలు, విజ్ఞానశాస్త్రములు, సాంకేతిక విద్య, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము. శాఖ ఏదైనను భాషలు, సాంఘికశాస్త్రము, సామాన్యశాస్త్రము, ఒక చేతిపని అందరికి ఉండవలె ననెను. పిల్లవానికి దారి చూపుటకు మార్గదర్శక ఉద్యోగులను, వృత్తుల సంగతి తెలిసిన ఉపాధ్యాయులను ఏర్పాటు చేయవలెనని కూడ సిఫారసు చేసెను. ఏడు శాఖల మాట పుస్తకములలో మిగిలినది. దారి చూపు ఉపాధ్యాయుడు మాత్రము పల్లెటూరి పాఠశాలకు చేరనే లేదు. నేటి కష్టములో సగము అక్కడనే యున్నది.

1964 మొదలు 1966 వరకు పనిచేసిన కొఠారి సంఘము పదేండ్ల పాఠశాల చదువు, దానిపై రెండేండ్లు, ఆపై మూడేండ్ల పట్టము అను క్రమమును సూచించెను. ఆంధ్రప్రదేశములో ఒక్క సంవత్సరపు పి.యు.సి. పోయి 1969-70లో రెండేండ్ల ఇంటర్మీడియెట్ వచ్చెను. 1971లో దానికొక ప్రత్యేక బోర్డు ఏర్పడెను. ఇతర దేశములలో ఉన్నత పాఠశాలలోనే జరుగు ఎంపిక తెలుగునాట పదవ తరగతి తరువాతి వేసవిలో, పదునైదేండ్ల వయస్సున, కొలది వారములలో జరిగిపోవుచున్నది.

నియమము ఎంత గట్టిదో తెలిసికొనుటకు శ్రీనివాస రామానుజన్ చరిత్ర చాలును. 1903లో మెట్రిక్యులేషనులో ఉత్తీర్ణుడై, 1904లో విద్యార్థివేతనముతో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో చేరెను. లెక్కలలో ఆయనకు సాటి లేడు. కాని ఎఫ్.ఏ. తరగతిలో ఇంగ్లీషు, శరీరశాస్త్రము, గ్రీకు రోమను చరిత్ర మొదలగునవి కూడ నిర్బంధములు. వాని ముఖము చూడక లెక్కలలో మునిగిన రామానుజన్ ఇంగ్లీషులో తప్పెను, వేతనము పోయెను. 1905లో ఇంటివారికి చెప్పకుండ బయలుదేరి మన విశాఖపట్టణము దాక వచ్చెను. మరుసటి యేట మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరెను. జబ్బుపడి, 1907లో ప్రయివేటుగా పరీక్షకు కూర్చుండి మరల తప్పెను. గణితములో మాత్రము తప్పలేదు.

ఈ కథను చెప్పి "పరీక్షలదేమున్నది, రామానుజన్ తప్పలేదా" అని ఓదార్చుకొనువారు కలరు. కథలో రెండవ సగము కూడ వినవలెను. 1913లో ఆయన వ్రాసిన ఉత్తరము కేంబ్రిడ్జిలో హార్డీ అను మహాగణితవేత్త చేతిలో పడెను. పట్టము లేకున్నను మద్రాసు విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల పరిశోధక వేతన మిచ్చెను. 1914లో కేంబ్రిడ్జికి వెళ్ళి, 1916లో పరిశోధన మూలముగా బి.ఏ. పట్టమును, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమును పొందెను. అంత మేధకుగాను నియమము వంగుటకు దాదాపు పదేండ్లు పట్టెను. సామాన్యుని బిడ్డకు హార్డీ ఉత్తరము రాదు. ఇష్టమైన విషయముతోబాటు ఇష్టము లేని నిర్బంధ విషయమునకును రోజుకొక గంట కేటాయించుటయే వానికున్న రక్ష.

పదవ తరగతిలో ప్రతి విషయమునందును సామాన్యముగ నూటికి 35 మార్కులు రావలెను. గణితములో వచ్చిన తొంబది, సాంఘికములో తగ్గిన అయిదింటిని పూడ్చదు. చెఱువు కట్ట అంతయు ఎత్తుగా నుండి ఒక్క చోట గండిపడినచో నీరు నిలువనట్లే ఇది. ఇంటర్మీడియెట్‌లో ఇంగ్లీషును, రెండవ భాషను చిన్నచూపు చూచుట ఒక అలవాటైనది. ప్రవేశ పరీక్షలకు పనికిరావని కొన్ని కళాశాలలు ఆ గంటలను సైతము లెక్కలకు మళ్ళించుచున్నవి. ఇది పొరబాటు. జాతీయ సాంకేతిక విద్యాసంస్థలలోను, ఐ.ఐ.టి.లలోను చేరగోరువారికి ప్రవేశ పరీక్షలో ర్యాంకు చాలదు. పన్నెండవ తరగతిలో నూటికి 75, షెడ్యూల్డు కులములు తెగలవారికి 65 రావలెను, లేదా తమ బోర్డులో మేటి ఇరువది శాతములో నుండవలెను. ఆ లెక్కలో భాష కూడ చేరును. వైద్యవిద్యకు కోరు అర్హతలలో ఇంగ్లీషులో ఉత్తీర్ణత ఒకటి.

ఇక గ్రూపుల మాట. ఒక రైతుబిడ్డ యున్నదనుకొనుడు. దొడ్డిలో గేదెలు ఈనునపుడు తెల్లవారుదాక దగ్గర కూర్చుండు పిల్ల. పశువైద్యురాలు కావలెనని ఆమె కోరిక. స్నేహితురాండ్రందరు ఎం.పి.సి.లో చేరిరని తానును చేరినది. రెండేండ్ల తరువాత దరఖాస్తు నింపబోగా జీవశాస్త్రము చదువనందున అర్హత లేదని తెలిసినది. తెలివి తక్కువై కాదు, మార్కులు తక్కువై కాదు. ఒక విషయము లేకపోవుటచేత ఆగిపోయినది. వైద్యము, పశువైద్యములకు జీవశాస్త్రము చదివిన బై.పి.సి. దారి, ఇంజనీరింగునకు గణితమున్న ఎం.పి.సి. దారి. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ద్వారా ఇంజనీరింగులో చేరుటకు గ్రూపు విషయములలో నూటికి 45, రిజర్వేషను గలవారికి 40 ఉండవలెను. గణిత జీవశాస్త్రములు రెండింటిని కలిపి చదువుటకు ఆంధ్రప్రదేశములో 2025-26 నుండి వీలు కల్పించిరి. అయితే ఆ వీలు సమీపమునగల కళాశాలలో నిజముగ నున్నదా యని అడిగి తెలిసికొనవలెను.

సి.ఇ.సి., హెచ్.ఇ.సి. గ్రూపులనగా తెలివి తక్కువవారికని ఊళ్ళలో నొక అపోహ కలదు. అయిదేండ్ల న్యాయశాస్త్రమునకు ఏ గ్రూపైనను చాలును. చార్టర్డు అకౌంటెన్సీకి వాణిజ్యమే చదివియుండవలెనను నిర్బంధము లేదు; చదివినవారికి పునాది మాత్రము తేలికగును. జాతీయ రక్షణ అకాడమీలో పదాతి సైన్యమునకు ఏ గ్రూపువారైనను తగుదురు; వాయుసేనకు, నౌకాసేనకు భౌతిక రసాయన గణితములు కావలెను. ఈ అకాడమీలో 2022 నుండి ఆడపిల్లలును శిక్షణ పొందుచున్నారు.

ఇంటర్మీడియెట్ ఒక్కటే బాట కాదు. పదవ తరగతి తరువాత ప్రవేశ పరీక్ష వ్రాసి పాలిటెక్నిక్‌లో మూడేండ్ల డిప్లొమా చదివినవాడు, ఉద్యోగమునకు పోవచ్చును. లేదా మరియొక పరీక్ష వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో నేరుగా చేరవచ్చును. ఐ.టి.ఐ.లలో కొన్ని వృత్తులకు ఎనిమిదవ తరగతి చాలును. వ్యవసాయ పాలిటెక్నిక్కులు వేరుగా నున్నవి. 2008లో నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో పదవ తరగతి మార్కుల ఆధారముగ ఆరేండ్ల చదువునకు పిల్లలను చేర్చుకొనుచు వచ్చినది. గ్రామముల ప్రభుత్వ పాఠశాలల పిల్లలను దృష్టిలో నుంచుకొనియే దానిని స్థాపించిరి. ఇంటర్మీడియెట్‌లోనే వృత్తివిద్యా కోర్సులును కలవు. వానిని చదివినవారు తరువాత శాస్త్ర విషయములతో పైచదువు కోరినచో బ్రిడ్జి కోర్సు పరీక్ష వ్రాయవలసి యుండును. ఈ మాట చేరునాడే తెలిసియున్నచో రెండేండ్ల నడుమ తీరికగా చదువుకొనవచ్చును. చివర తెలిసినవారు యేడాది పోగొట్టుకొందురు.

తప్పిన పిల్లల సంగతి విడిగా చెప్పవలెను. ఏలయన ఫలితములు వచ్చిన వారములో వినరాని వార్తలు ఏటేట వినుచునే యున్నారు. ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరములో ఒక విషయము తప్పినవాడు రెండవ సంవత్సరములోనికి పోలేడని అనేకులు భ్రమపడుచున్నారు. పోవచ్చును. కొలది వారములలోనే సప్లిమెంటరీ పరీక్షలు జరుగును. అందు నెగ్గినవానికి విద్యాసంవత్సరము పోదు. ఈ ఒక్క మాట ఫలితములకు ముందే ఇంటిలో పిల్లలతో చెప్పి యుంచుట తల్లిదండ్రుల పని.

బడి మానివేసి పొలము పనులలోనో, పెండ్లియై కాపురములోనో పడినవారికి సార్వత్రిక పాఠశాల కలదు. జాతీయ సంస్థ 1989లోను, ఆంధ్రప్రదేశ సార్వత్రిక విద్యాపీఠము 1991లోను ఏర్పడినవి. తెలంగాణమునకు నేడు వేరుగా నొకటి కలదు. పదునాలుగేండ్లు నిండినవారు పదవ తరగతికి చేరవచ్చును. జాతీయ సంస్థలో ఒక భాషతో కూడి అయిదు విషయములు నెగ్గిన సర్టిఫికెట్టు వచ్చును. అన్నియు ఒకేసారి నెగ్గనక్కరలేదు. అయిదేండ్ల గడువులో తొమ్మిది అవకాశములుండును. నెగ్గిన విషయము నిలిచియుండును, మిగిలినవానిని ఒక్కొక్కటిగా తీర్చుకొనవచ్చును. సంతలో కంతులమీద సామాను కొని నెలనెల బాకీ తీర్చుకొనువారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. ఇట్టివారికి చదువుకొనుటకు సాయంకాలము ఒక దీపము, ఒక బల్ల, కొన్ని పాఠ్యపుస్తకములు, పాత ప్రశ్నపత్రములు ఉన్నచోటు గ్రంథాలయము తప్ప ఊరిలో మరియొకటి లేదు. నవలల బీరువా ప్రక్కన వీనికొక అర కేటాయించినచో చందాదారులు నొచ్చుకొనరని తలచవచ్చును.

కడపట చిన్నదిగా కనిపించు పెద్ద విషయ మొకటి. పదవ తరగతి సర్టిఫికెట్టు మీది పేరు, పుట్టినతేది జీవితాంతము వెన్నాడును. ఉద్యోగమునకు, పాస్‌పోర్టునకు దానిని చూపుట కలదు. పరీక్షకు ముందు పాఠశాలలో విద్యార్థుల వివరములతో నామినల్ రోలు తయారగును. ఇంటిపేరులో ఒక అక్షరము, తండ్రి పేరులో ఒక పొల్లు, తేదిలో ఒక అంకె అప్పుడు తప్పినచో తరువాత కచేరీల చుట్టు నెలల తరబడి తిరుగవలసి వచ్చును. అప్పుడే దిద్దించుకొన్న కలము గీతతో పోవును. కావున ఆ కాగితమును పిల్లలచేత పాఠశాలలో చూపించుకొని, ఆధారు కార్డుతోను, జనన ధ్రువపత్రముతోను సరిపోల్చుడు. ఇంగ్లీషు అక్షరములు చదువరాని తల్లిదండ్రులు ఆ నకలును గ్రంథాలయమునకు తెచ్చినచో, సాయంకాలము పత్రికలు చదువ వచ్చు యువకులలో ఎవరైనను అక్షరమక్షరము చదివి వినిపింతురు. దానికి పట్టు కాలము పది నిమిషములు.