వేన్నీళ్ల హీటరు – గడియారము



మన పెద్దలు పొయ్యిమీద నీళ్లు కాచుకొనిరి. కట్టె తరుగుట కంటికి కనబడెడిది. నేడు పెక్కు ఇండ్లలో బకెట్టునందు హీటరు కడ్డీ వ్రేలాడుచున్నది. కరెంటు తరుగుట కంటికి కనబడదు. నెల తిరిగిన పిమ్మట బిల్లులోనే కనబడును.

లెక్క సులభము. 1500 వాట్ల కడ్డీ గంటసేపు నడచినచో ఒకటిన్నర యూనిటు ఖర్చగును. 20 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి స్నానమునకు చాలినట్లు 45 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 20 నిమిషములు పట్టును. అనగా అర యూనిటు. స్విచ్చి వేసి పాలు పితుకబోయి గంటకు మరలివచ్చితిమా, తక్కిన 40 నిమిషములకు ఒక యూనిటు వృథా. దినమున కొక్కటి చొప్పున నెలకు 30 యూనిట్లు!

ధననష్టముకన్న ప్రాణభయము పెద్దది. సామాన్యముగా ఈ కడ్డీకి తనంతట తానాగు ఏర్పాటుండదు, ఆపవలసినవారము మనమే. కరెంటుండగా వేడి చూచుటకు నీటిలో వ్రేలు ముంచరాదు. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, పిమ్మటనే నీటిని తాకవలెను. పట్టు కాలము తెలిసినవారికి మాటిమాటికి వేడి చూచు పనియే యుండదు.

కావున స్విచ్చి ప్రక్కన ఒక కాగితము అంటింతము. వేసిన వేళయు, ఆపిన వేళయు వారము దినములు వ్రాయుదము. మొదట మన యిండ్లలో వ్రాసి, పిదప ఆ కాగితమునే గ్రామసభలో చదివి వినిపింతము. ఇంట చేసి చూపిన మాటనే ఊరు వినును.