పాత ఆటలకు పాత తెర

పదిహేనిరవై ఏళ్ల క్రిందటి వరకు మన ఇళ్లలో ముందుగదికి అలంకారంగా వెలిగిన లావుపాటి టెలివిజన్ పెట్టె నేడు కనుపించడమే అరుదైనది. కొన్ని అటకలెక్కినవి; ఎక్కువ భాగం పాత సామాన్ల వర్తకుని బండి ఎక్కినవి. గోడకు పటంవలె తగిలించుకొనే పలచని తెర వచ్చిన తరువాత ఆ బరువైన పెట్టెతో ఎవరికి పని ఉంటుందని అనుకోవడం సహజమే. అయితే అమెరికాలోను, జపానులోను, ఐరోపా దేశాలలోను కొందరు ఆ పెట్టెలనే ఊరూరా వెదకి తెచ్చుకుంటున్నారు. అవి వార్తలు వినడానికి కాదు, సినిమాలు చూడడానికీ కాదు. 1980, 1990 దశకాలలో వెలువడిన వీడియో ఆటలు ఆడుకోవడానికి! ఇది గతకాలపు మోజు తప్ప మరేమీ కాదని కొట్టివేసేవారు ఉన్నారు. మోజు కొంత లేకపోలేదు. కాని దాని వెనుక గట్టి శాస్త్రకారణాలు కూడా ఉన్నవి. శ్రోతలతో నేడు వాటినే ముచ్చటించదలచాను.

మొదట ఆ పెట్టెకు అంత లోతు ఎందుకో చూద్దాం. మన మెకానిక్కులు పిక్చర్ ట్యూబు అని పిలిచే గాజు గొట్టం దానికి ప్రాణం. 1897లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించిన గొట్టం నుండి వచ్చిన సంతానమే ఇది. గాలి తీసివేసిన ఈ గొట్టంలో, సన్నని మెడవంటి వెనుక భాగం నుండి ఎలక్ట్రాన్ల పుంజం బయలుదేరుతుంది. వేల వోల్టుల విద్యుత్తు దానిని ముందుకు లాగుతుంది. మెడ చుట్టూ ఉన్న తీగచుట్టలు అయస్కాంత శక్తితో దానిని అటూ ఇటూ వంచుతవి. తెర లోపలి వైపు పూసిన ఫాస్ఫరు అనే పదార్థాన్ని ఆ పుంజం తాకిన చోట వెలుగు పుడుతుంది. రంగుల పెట్టెలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు పుంజాలు ఉంటవి. పుంజం ఎడమ నుండి కుడికి ఒక గీత గీసి, మళ్లీ ఎడమకు వచ్చి, క్రింద మరొక గీత గీస్తుంది. అమెరికా, జపాను పద్ధతిలో బొమ్మకు 525 గీతలు. మన దేశపు పద్ధతిలో 625. ఒకసారి బేసి గీతలు, మరుసటిసారి సరి గీతలు గీస్తారు. అక్కడ సెకనుకు 60 సార్లు, ఇక్కడ 50 సార్లు ఈ పని జరుగుతుంది. ఇక విచిత్రమేమంటే, పూర్తి బొమ్మ ఏ క్షణంలోనూ తెర మీద ఉండదు. క్రింది గీత వెలిగే సరికే పై గీత ఆరిపోతూ ఉంటుంది. దానిని బొమ్మగా కూర్చుకొనేది మన కన్ను.

వీడియో ఆట పుట్టినదే ఈ గొట్టం మీద. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనశాలలో విలియం హిగిన్‌బోతం అనే భౌతికశాస్త్రజ్ఞుడు, పరిశోధనశాలను చూడవచ్చే జనానికి వినోదంగా ఉంటుందని, ఆసిలోస్కోపు తెర మీద టెన్నిసు ఆట వంటిది ఏర్పాటు చేశాడు. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో యువకులు కొందరు ఒక కంప్యూటరు గొట్టం మీద అంతరిక్ష యుద్ధపు ఆటను తయారుచేశారు. 1972లో రాల్ఫ్ బేర్ కల్పన అయిన ఆడిసీ యంత్రం ఇళ్లలోని టెలివిజన్లకు తగిలించుకొనేటట్లు అమ్మకానికి వచ్చింది. దానికి రంగులు చూపే శక్తి లేదు. కనుక రంగురంగుల పారదర్శకపు రేకులు కొన్ని దానితోపాటు ఇచ్చేవారు. వాటిని తెరకు అంటించుకొని ఆడవలసినదే. వినడానికి నవ్వు వచ్చినా, ఆలోచన చక్కనిదే. ఆ ఏడే అటారీ సంస్థ పాంగ్ అనే ఆటను వెలువరించింది.

1977లో వచ్చిన అటారీ గృహయంత్రం సంగతి మరీ చిత్రమైనది. దాని పని జ్ఞాపకం 128 బైట్లు మాత్రమే. మన అక్షరాలలో నాలుగు వాక్యాలు కూడా అందులో పట్టవు. బొమ్మనంతా ముందుగా రచించి దాచుకొనే చోటు లేదు గనుక, ఒక్కొక్క గీతను పుంజం గీస్తూ ఉండగానే అందులో ఏముండాలో కార్యక్రమం చెప్పుతూ పోవాలి. పొయ్యి మీది దోసె పొయ్యి మీది నుండే విస్తట్లో పడినట్లు! వడ్డించేవారు ఒక్క క్షణం ఆలస్యం చేస్తే పంక్తి అంతా చెడిపోతుంది. అనగా ఆనాటి ఆటకు గొట్టం కేవలం కిటికీ కాదు, యంత్రంలో సగభాగం.

తరువాత 1983లో జపానులో నింటెండో వారి ఫామికాం వచ్చింది. దాని బొమ్మ అడ్డానికి 256, నిలువునకు 240 చుక్కలు. ఇటువంటి యంత్రాలు టెలివిజన్‌ను ఒక చిన్న ఉపాయంతో మభ్యపెట్టినవి. బేసి గీతలు, సరి గీతలు వేర్వేరుగా పడడానికి కారణం సంకేతంలో ఉండే ఒక అరగీత తేడా. ఈ యంత్రాలు ఆ అరగీతను తొలగించినవి. అందువల్ల పుంజం ప్రతిసారీ అవే గీతల మీదుగా నడుస్తుంది. నడుమ గీతలు నల్లగా మిగిలిపోతవి. సెకనుకు 60 పూర్తి బొమ్మలు దక్కినవి, బొమ్మ అదురు తగ్గింది, ప్రతి వెలుగు గీత నడుమా సన్నని చీకటి గీత నిలిచింది. నాటి చిత్రకారులు తమ బొమ్మలను ఇటువంటి తెరల మీదనే చూచుకొని దిద్దుకున్నారు. చీకటి గీతలు, కొంచెం చెదిరిన అంచులు, పసుపు తీగ మీద వచ్చే సంకేతంలో ప్రక్క ప్రక్క రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం, ఇవన్నీ వారికి కుంచెలో వెండ్రుకలవంటివి.

ఒక్క ఉదాహరణ చెప్పుతాను. 1991లో సేగా సంస్థ వెలువరించిన సోనిక్ ఆటలో జలపాతాలు ఉన్నవి. నీటి వెనుక కొండ మసకగా కనిపించాలి. కాని ఆ యంత్రానికి అటువంటి పారదర్శకత చూపే సామర్థ్యం లేదు. అందుచేత నిలువు చారలుగా ఒక వరుస నీరు, ఒక వరుస కొండ చిత్రించారు. పసుపు తీగ గుండా పాత పెట్టెకు చేరేసరికి ఆ చారలు ఒకదానిలో ఒకటి కరిగి నిజమైన పలుచని నీటిపొర అవుతవి. మన నేతగాళ్లు పడుగు ఒక రంగు, పేక మరొక రంగు వేసి మూడవ రంగు పుట్టించడం వంటిదే ఈ విద్య. అదే ఆటను నేటి స్వచ్ఛమైన తెర మీద చూస్తే నీరు మాయమై దువ్వెన పళ్లు కనిపిస్తవి! స్పష్టత పెరిగినకొద్దీ బొమ్మ బాగుపడుతుందనే నమ్మకం ఇక్కడ చెల్లదు.

బొమ్మ సంగతి అటుంచి ఆలస్యం సంగతి చూద్దాం. నా దృష్టిలో దీనిదే అసలు ప్రాధాన్యం. పాత పెట్టెలో సంకేతం వచ్చినది వచ్చినట్లు పుంజంగా మారి తెరను తాకుతుంది. నేటి పలచని తెర అట్లా చేయలేదు. వచ్చిన బొమ్మను ముందు పోగుచేసుకోవాలి, తన లక్షల చుక్కలకు సరిపడా సాగదీయాలి, సవరించాలి. పైగా చాలా తెరలు ఆ అరగీత ఉపాయాన్ని గుర్తించలేక, మామూలు బేసి సరి గీతలే అనుకొని రెంటినీ కలపబోతవి. ఈ హడావిడిలో సెకనులో నూరింట కొన్ని వంతుల కాలం గడిచిపోతుంది. అంత మాత్రానికే ఏమి మునిగిపోయిందని మీరు అడగవచ్చు. రేడియోలో పనిచేసే మాబోటివారికి దీని జవాబు అనుభవంలో ఉన్నది. మైక్రోఫోను ముందు మాట్లాడేవారికి తమ గొంతు తమ చెవులలో రవంత ఆలస్యంగా వినిపించిందా, ఎంతటి వక్తకైనా నాలుక తడబడుతుంది. మీట నొక్కిన వేలికి, దూకిన బొమ్మకు నడుమ సంబంధం కూడా అటువంటిదే. వాగు దాటవలసిన బొమ్మ వాగులో పడితే ఆటగాడు తన వేలినే నిందించుకుంటాడు, నేరం తెరది. 2001లో వచ్చిన ఒక నింటెండో ద్వంద్వయుద్ధపు ఆటకు అమెరికాలో పోటీలు జరిగినప్పుడు, పలచని తెరలు ఇంటింటా వెలసిన తరువాత కూడా, పోటీదారులు ఈ బరువైన పెట్టెలనే మోసుకొనివచ్చినది ఇందుకే.

కదలిక విషయంలోనూ తేడా ఉన్నది. గొట్టం మీది చుక్క మెరుపువలె వెలిగి ఆరిపోతుంది. పలచని తెర మీది చుక్క తరువాతి బొమ్మ వచ్చేదాకా వెలుగుతూనే ఉంటుంది. అందువల్ల కదిలే వస్తువును అనుసరించే మన కంటికి అది అలికినట్లు తోస్తుంది.

బొమ్మ తుపాకి ఆటలయితే పాత పెట్టె లేనిదే ఆడనే ఆడవు. 1984 నాటి బాతుల వేట ఆట చాలామందికి జ్ఞాపకం ఉండి ఉంటుంది. తుపాకి నుండి ఏదో కిరణం తెరకు పోతుందని పిల్లలు భావించేవారు. జరిగేది తారుమారు, తుపాకి గొట్టంలోనే వెలుగును చూచే కన్ను ఉన్నది. మీట నొక్కిన వెంటనే తెర అంతా ఒక్క క్షణం నల్లబడుతుంది, మరుక్షణం బాతు ఉన్నచోట తెల్లని పలక ఒకటి వెలుగుతుంది. తుపాకి కన్ను ముందు చీకటిని, తరువాత వెలుగును, సరిగా ఆ క్షణాలలోనే చూస్తే బాతు పడినట్లు. పలచని తెర మీద ఆ తెల్లని పలక ఆలస్యంగా వస్తుంది గనుక ఎంత గురిగా కాల్చినా బాతు ఎగిరిపోతూనే ఉంటుంది.

ఈ చరిత్రలో మన భాగం పెద్దది కాదు గాని, లేకపోలేదు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. ఆ నగరంలోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ తయారుచేసిన ఈ.సి. టెలివిజన్లు ఎన్నో ఇళ్లలో వెలిగినవి. 1982లో రంగులు వచ్చినవి. 1990 దశకంలో ఫామికాం యంత్రానికి అనుకరణలు మన బజార్లలో చవకగా దొరికేవి. వాటి క్యాసెట్ల మీద వేలకొద్ది ఆటలని అచ్చువేసినా, లోపల ఉండేవి వేళ్ల మీద లెక్కించదగినవే! ఐరోపాలోనూ సెకనుకు 50 సార్ల పద్ధతే కావడంచేత, 60 సార్ల కోసం వ్రాసిన జపాను ఆటలు అనేకం అక్కడ ఆరింట ఒక వంతు నెమ్మదిగా నడిచేవి. అక్కడి పిల్లలు ఆ నెమ్మదినే అసలు వేగమనుకొని పెరిగారు. మన పెట్టె మోగించే సన్నని ఈల ఒకటి ఉన్నది, గుర్తున్నదా? సెకనుకు 15,625 గీతలు గీయడంవల్ల పుట్టే ధ్వని అది. ప్రక్క గదిలో నుండే టెలివిజన్ వేసి ఉన్నదో లేదో చెప్పగలిగేవారు పిల్లలు. నలుబదులు దాటిన నావంటి వారిలో చాలామంది చెవులకు అది అందదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ గొట్టాలు ఇక తయారు కావు. 1968లో ట్రినిట్రాన్ గొట్టాన్ని ప్రవేశపెట్టిన సోనీ సంస్థ 2008లో దాని ఉత్పత్తిని ముగించింది. మిగిలినవారూ ఒకరి తరువాత ఒకరు మానుకున్నారు. గాజును పోతపోసే కొలుములు, ఫాస్ఫరు పూసే పనివారు, గాలి తీసే యంత్రాలు, ఇవన్నీ ఒక్కచోట ఉంటే గాని గొట్టం పుట్టదు. ఇంట్లో చేసుకొనే వస్తువు కాదు. వాడినకొద్దీ పుంజాన్ని వెదజల్లే భాగం అలసి బొమ్మ మసకబారుతుంది. మా వృత్తిలో ఇటువంటి సంకటం కొత్త కాదు. పాత నాటకాల టేపులు భద్రంగా ఉన్నా, వాటిని వినిపించే యంత్రం, దానిని బాగుచేసే మనిషి లేకపోతే ఆ భద్రత దేనికి? ఆట క్యాసెట్టు ఉన్నది, యంత్రం ఉన్నది, తెర లేదు.

అందువల్ల ధరలు పెరిగినవి. ఒకప్పుడు టెలివిజన్ స్టూడియోలలో వాడి పారవేసిన వృత్తి మానిటర్లకు నేడు గొప్ప గిరాకి. 43 అంగుళాల సోనీ గొట్టం పెట్టె ఒకటి, బరువు సుమారు 200 కిలోలు, జపానులోని ఒసాకాలో ఒక నూడిల్సు భోజనశాలలో మిగిలి ఉన్నదని తెలిసి, దానిని అమెరికాకు తరలించుకొనిపోయిన వృత్తాంతం 2024లో లోకానికి తెలిసింది. ఉత్సాహం మెచ్చదగినదే. కాని మామూలు ఆటగాడు స్టూడియో మానిటరు కోసం సొమ్ము తగలవేయడం నాకు అర్థం లేని పనిగా తోస్తుంది. అది బొమ్మను మరీ పదునుగా చూపుతుంది. సోనిక్ జలపాతం చారలు అందులోనూ బయటపడే అవకాశం ఉన్నది. ఆ ఆటలు సామాన్య గృహస్థుల పెట్టె కోసం పుట్టినవి. ఇరవై అంగుళాల పాత పెట్టె చాలు. పెట్టె దొరకని వారికి గొట్టం లక్షణాలను అనుకరించే కార్యక్రమాలు కంప్యూటరులో వచ్చినవి. చీకటి గీతలను, రంగుల కలయికను అవి బాగా చూపుతవి. వేగంగా బొమ్మలు మార్చే ఖరీదైన తెరలు కదలికను కూడా చాలావరకు నిలబెడుతున్నవి. తుపాకి మాత్రం వాటికి లొంగలేదు.

ఇంట్లో ఇటువంటి పెట్టె ఉన్నవారికి రెండు మూడు జాగ్రత్తలు మనవి చేయాలి. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసివేసినా గొట్టంలో వేల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. కనుక వెనుక మూత ఎవరూ విప్పరాదు. తెలిసిన మెకానిక్కును మాత్రమే విప్పనివ్వాలి. బరువంతా ముందువైపు గాజులో ఉంటుంది గనుక, ఎత్తేటప్పుడు తెరను రొమ్ముకు ఆనించి ఎత్తాలి. లౌడ్ స్పీకర్లలోని అయస్కాంతం దగ్గరగా ఉంటే రంగులు మచ్చలు పడతవి. కదలని బొమ్మను గంటల తరబడి ఉంచితే దాని నీడ తెర మీద శాశ్వతంగా మిగులుతుంది. పాడైపోయిన గొట్టాన్ని పెరటిలో పగులగొట్టడం ప్రమాదం. అది లోపలికి కుప్పకూలి గాజు చిమ్ముతుంది, ఆ గాజులో సీసం ఉన్నది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు 2022లో చేసిన నిబంధనల ప్రకారం అనుమతి పొందిన సంస్థలకే దానిని అప్పగించాలి.

పనిచేసే పెట్టె అయితే, పాత సామాన్ల బండికి వేయకముందు ఊళ్లో పాత ఆటలు ఆడే కుర్రవాడెవడైనా ఉన్నాడేమో విచారించండి. వెనుక పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలున్న పెట్టె వానికి మరింత పనికివస్తుంది. ఇచ్చేటప్పుడు రిమోటును కూడా వెదకి ఇవ్వండి. చాలా పెట్టెలలో ఆ రంధ్రాల బొమ్మకు మారడానికి పెట్టె మీద వేరే మీట ఉండదు.