మన ఊరి కేబుల్లో మన అరగంట
(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రూపు లీడరు చేసిన ప్రసంగం)



పొదుపు లెక్క, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాల సంగతి మన అకౌంటెంటు చెప్పేసింది. మా గ్రామ సమాఖ్యను ఇంకొక సంగతి చెప్పమన్నారు. మా పక్క ఊర్లలో కేబుల్ టీవీలో ఆదివారం పూట వచ్చే అరగంట గురించి. అది మీరెట్లా తెచ్చుకున్నారు, ఎంత ఖర్చయింది, దానివల్ల ఏమొచ్చింది అని చాలామంది అడుగుతా ఉంటారు. టీవీలో కనపడాలని వీళ్లకు సరదా అన్నవాళ్లు కూడా ఉన్నారు. సరదా లేదని మేము అనము. మొదటిసారి మా వీఓ అధ్యక్షురాలు టీవీలో కనపడినప్పుడు వాళ్ల అత్త వీధి వీధంతా పిలుచుకొచ్చి చూపించింది.

మావి తిరుపతికి చిత్తూరుకు మధ్య, పాకాల చుట్టుపక్కల ఊర్లు. మామిడి తోటలు, ఆవులు, బోర్లు. ఈ పని 2020లో మొదలైంది. మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడినాయి. ఏప్రిల్లో దూరదర్శన్ సప్తగిరి ఛానెల్లో పదో తరగతి పిల్లోళ్లకు విద్యామృతం అని పాఠాలు వేసినారు. సప్తగిరి అంటే మన ఏడుకొండల పేరే కాబట్టి మాకు అది మన ఛానెల్ అన్నట్టే ఉండేది. పాఠాలు మంచివే, చెప్పే అయ్యవార్లూ మంచోళ్లే. అయితే కరెంటు పోతే ఆ రోజు పాఠం పోయినట్టే. అర్థం కాకపోతే 'సార్, ఇంకోసారి చెప్పండి' అని టీవీని అడగలేరు కదా. ఇంట్లో స్మార్ట్ ఫోన్ ఒకటుంటే అది నాయన జేబులో ఉంటుంది. జూన్లో పదో తరగతి పరీక్షలే రద్దు చేసినారు. అందరూ పాసైపోయినారు కదా, ఇంక పాఠాలెందుకని కొందరు తల్లులే అన్నారు. మా గ్రూపుల్లో పదో తరగతి దాకా చదివినోళ్లం కొంతమందిమి ఉన్నాము. లెక్కలు రాకుండా పాసైతే ఇంటర్లో ఏమవుతుందో మాకు తెలుసు. మాలో ఇద్దరు అక్కడే ఆగిపోయినారు.

అప్పుడు మా కేబుల్ అబ్బాయి దగ్గరికి పోయినాము. వాళ్ల లోకల్ ఛానెల్లో పాత సినిమాలు, పుట్టినరోజు ఫొటోలు, బట్టలషాపు అడ్వర్టైజ్‌మెంట్లు వస్తాయి. గంగమ్మ జాతరప్పుడు మాత్రం ఆ ఛానెల్ తప్ప ఇంకొకటి ఎవరూ పెట్టరు. జాతరను ఇంటింటికీ చూపించే తీగమీదే లెక్కల సారును ఎందుకు చూపించకూడదు అని అడిగినాము. అతను నవ్వి, 'మీరు పెన్ డ్రైవులో తెచ్చిస్తే వేస్తానక్కా, డబ్బులొద్దు' అన్నాడు. మా ఊరి బడిలో లెక్కలు చెప్పే సారు నల్లబల్ల ముందు నిలబడి చెప్తే, ఒక డిగ్రీ చదివే పాప ఫోనులో తీసింది. మొదటి పాఠంలో బల్ల కన్నా సారు చొక్కానే ఎక్కువ కనపడింది. రెండోదానికి సరిపోయింది. పాఠం అయినాక పిల్లోళ్లు సారుకు ఫోను చేసి డౌట్లు అడిగేవాళ్లు. ఏ డౌటు ఎక్కువమంది అడిగితే దాన్నే మళ్లీ వారం చెప్పేవాడు. సప్తగిరి పాఠానికి, ఈ పాఠానికి తేడా అక్కడుంది. పాఠం మన ఊర్లోకి వచ్చింది, మన పిల్లోళ్ల మాట పాఠంలోకి పోయింది.

టీవీతో పల్లెలకు చదువు చెప్పడం కొత్త కాదని ఒక శిక్షణలో మేడం చెప్పింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా అమెరికా శాటిలైట్ వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊర్లలో టీవీలు పెట్టి చూపించినారంట. ఆంధ్ర కూడా ఆ ఆరింటిలో ఒకటి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దోళ్లకు. ఊరంతా ఒక టీవీ ముందు కూర్చునేది. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ అని ఇంకొకటి బడులకు, కాలేజీలకు పాఠాలు పంపింది. అవన్నీ పైనుంచి కిందికి వచ్చినవి. కింద నుంచి పైకి, లేదంటే పక్కింటికైనా, మాట పోయే దోవ వాటిలో తక్కువ.

ఆ దోవ వేసుకున్న ఆడోళ్లు తెలంగాణలో ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉండే దళిత మహిళలు, బడి మొహం చూడనివాళ్లు, వీడియో కెమెరా నేర్చుకుని సొంతంగా సినిమాలు తీసినారు. వరంగల్ వైపు బీటీ పత్తి వేసిన రైతుల కష్టం మీద మూడేండ్లు తిరిగి తీసిన సినిమా ఇతర దేశాల్లో కూడా చూపించినారు. కెమెరా పైన పెట్టి కిందికి చూసి తీస్తే దాన్ని వాళ్లు పటేల్ షాట్ అంటారంట, ఊరి పెద్ద పైనుంచి చూసినట్టు ఉంటుందని. ఎదురుగా, కంటికి కన్ను సమానంగా పెట్టి తీస్తే సంఘం షాట్. ఇది విన్నాక మా కెమెరా పాప స్టూలు ఎక్కడం మానేసింది. వాళ్లకే మాచనూరులో 2008 అక్టోబరు 15 నుంచి సంగం రేడియో కూడా ఉంది.

మనకూ అట్లా సొంత ఛానెల్ ఉంటే బాగుంటుందని మీరు అనుకోవచ్చు. మేమూ అనుకుని కనుక్కున్నాము. రేడియోకి దోవ ఉంది. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలు కూడా కమ్యూనిటీ రేడియోకి లైసెన్సు అడగొచ్చు. టీవీకి అట్లాంటి లైసెన్సు లేదు. 1995లో వచ్చిన కేబుల్ చట్టం దూరదర్శన్ ఛానెళ్లను తప్పకుండా చూపించాలంటుంది, మన ఊరి మాటను చూపించాలని అనదు. అమెరికాలో 1984లో చేసిన చట్టం ప్రకారం ఊరి పాలకవర్గం కేబుల్ కంపెనీని అడిగి ప్రజలకు, బడులకు కొన్ని ఛానెళ్లు పక్కన పెట్టించుకోవచ్చంట. మన దగ్గర ఉండేది కేబుల్ వాళ్ల లోకల్ ఛానెల్ ఒక్కటే. దానికి 2022 నవంబరులో కేంద్ర ప్రసార శాఖ నిబంధనలు పెట్టింది. మొత్తం ఛానెళ్లలో నూటికి అయిదుకు మించి లోకల్ ఛానెళ్లు ఉండకూడదు, ఒక్కోదాన్ని 1,000 రూపాయలు కట్టి రిజిస్టరు చేయాలి, లోకల్ వార్తలు వేయాలంటే కంపెనీగా రిజిస్టరైన వాళ్లే వేయాలి, వేసినదాని రికార్డింగు 90 రోజులు దాచాలి. మనం వార్తల జోలికి పోకుండా పాఠాలు, ప్రకటనలు, మాటామంతీ దగ్గర ఉండాల్సింది అందుకే.

బడులు తెరిచినాక పాఠాలు తగ్గినాయి, అరగంట మిగిలింది. దాన్ని మేము వదలలేదు. సీరియల్ టైంలో వేస్తే మా అత్తలే చూడరు కాబట్టి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు పెట్టుకున్నాము.

అన్నిటికన్నా బాగా పనికొచ్చింది పాల చీటీ. ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ ఎంత, దాన్నిబట్టి లీటరు రేటు ఎట్లా కడతారు అని మా పశుమిత్ర ఒక చీటీని పెద్దగా చూపించి చదివింది. ఇరవై ఏండ్లుగా పాలు పోస్తా ఉన్న అక్కలు కూడా ఆ చీటీ మడిచి పెట్టెలో వేసేవాళ్లే. ఆ తర్వాతి వారం మా ఊరి పాల సెంటరు దగ్గర ఆడోళ్లు మిషన్ నెంబరు చూపించమని అడిగినారు. మొదట్లో కసురుకున్నా, ఇప్పుడు మిషన్ ఇటువైపుకు తిప్పి పెట్టినారు.

గ్రామసభ సంగతి చెప్పాలి. ఓటు ఉండే ప్రతి మనిషీ గ్రామసభ సభ్యులే. అయినా మా ఊర్లలో ఆడోళ్లు పోయేది తక్కువ. పోయినా వేలిముద్ర వేసి వచ్చేయడమే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టినారు, ఉపాధి హామీ పనులు తీర్మానం చేయడానికి. దానికి ముందు వారం మా అరగంటలో ఉపాధి హామీలో ఏ పనులు అడగొచ్చు, తీర్మానం పుస్తకంలో ఎట్లా రాయించాలి అని చెప్పించినాము. ఆ రోజు మా గ్రూపుల వాళ్లు గుంపుగా పోయినారు. పశువుల నీళ్లతొట్టి ఒకటి, వంక దగ్గర కట్ట ఒకటి రాయించినారు. తొట్టి వచ్చింది. కట్ట ఇంకా రాలేదు.

ఇంక మా తప్పు చెప్తాము. ఇది రిపోర్టులో రాయొద్దని కొందరు అన్నారు. మేమే రాయమన్నాము.

2023లో అప్పు వసూళ్లు వెనకబడినప్పుడు ఒక గ్రూపు లీడరు ఒక ఆలోచన చెప్పింది. వాయిదా కట్టని వాళ్ల పేర్లు టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో వేస్తే సిగ్గుతో కడతారు అని. మాకు బాగుందనిపించింది, వేసినాము. ఒక్క ఆదివారమే. ఆ పేర్లలో ఒకామె భర్త మామిడి చెట్టు మీదనుంచి పడి నడుము విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు వాయిదాలు నిలిచిపోయినాయి, అంతే. మేము అడగలేదు, కనుక్కోలేదు. ఆమె మీటింగుకు రావడం మానేసింది. ఆమె కూతుర్ని బడిలో పిల్లోళ్లు ఎగతాళి చేసినారు. మూడు నెలల తర్వాత మేము ఇంటికి పోతే, ఆమె ఏమీ అనలేదు, మజ్జిగ ఇచ్చింది. ఆ పాప వాకిట్లో నిలబడి, 'మా అమ్మ పేరు మళ్లీ వేస్తారా పెద్దమ్మా?' అని అడిగింది. ఏం చెప్పాలో తెలీక మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము.

అదే అరగంటలో మేము క్షమాపణ చెప్పినాము, పేరు చెప్పకుండా. ఎవరి అప్పు, ఎవరి రోగం, ఎవరి ఇంటి గొడవ టీవీలోకి రాకూడదని వీఓ మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసుకున్నాము. ఆమె ఇప్పుడు మీటింగుకు వస్తుంది. వెనక వరసలో కూర్చుంటుంది.

అరగంట ఆగిపోయిన సంగతి కూడా ఉంది. ఎండాకాలంలో ఒక వీధికి తాగే నీళ్లు పది రోజులు రాలేదు. ఆ వీధి అక్కలు ఖాళీ బిందెలు పెట్టుకుని మాట్లాడినారు. మేము ఎవరినీ తిట్టలేదు. మళ్లీ వారం ప్రోగ్రాం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కేబుల్ అబ్బాయిని అడిగితే, 'అక్కా, నా తీగ కరెంటు స్తంభాల మీద ఉండాది. రేపు తీసేయమంటే నా బతుకేం కావాల?' అన్నాడు. ఎవరు అన్నారో మేము అడగలేదు, అతను చెప్పలేదు. అతనిదీ కష్టమే. ఒక పక్క డిష్ గొడుగులు, ఒక పక్క ఫోన్లు. 2017 డిసెంబరు 27న ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నారు, జనం ఆ రేటే మనసులో పెట్టుకున్నారు. ఉన్న కనెక్షన్లు పోగొట్టుకోవడం అతనికి భయం.

ఆరు వారాలు ఆగింది. ఏడో వారం మేము నలభై మందిమి అతని ఆఫీసుకు పోయినాము, గొడవకు కాదు. మా నలభై ఇండ్లూ నీ కనెక్షన్లే అని గుర్తు చేసినాము. ఇంకొక మాట కూడా ఒప్పుకున్నాము. ఎవరి పని గురించైనా ఫిర్యాదు వస్తే, వాళ్లను ముందే అడిగి, వాళ్ల జవాబు కూడా అదే అరగంటలో వేయాలి. తర్వాత నీళ్ల సంగతి అట్లే వేసినాము. పంచాయతీ ఆయన వచ్చి మోటారు కాలిపోయిన సంగతి, కొత్తది ఎప్పుడు వస్తుందో చెప్పినాడు. వారం రోజులని చెప్పి పన్నెండు రోజులకు తెచ్చినాడు. తెచ్చినాడు కదా.

ఇదంతా నోటిమాట మీద నడుస్తా ఉంది. రేపు ఆ అబ్బాయి కేబుల్ ఇంకొకరికి అమ్మేస్తే మా అరగంట ఉండదు. అందుకే ఈరోజు సమాఖ్య ముందు మా కోరిక ఇది. మండల సమాఖ్య పేరు మీద కేబుల్ వాళ్లతో కాగితం రాసుకోవాలి, ఏడాదికి ఏడాది. ఇప్పటిదాకా మైకు, స్టాండు కలిపి 2,300 రూపాయలు మేమే చందాలు వేసుకున్నాము. కెమెరా పట్టే పాపకు బస్సు ఖర్చులకైనా సమాఖ్య వడ్డీ ఆదాయంలోంచి నెలకు కొంత ఇవ్వాలి. ఆ పాప డిగ్రీ అయిపోయి తిరుపతిలో ఉద్యోగానికి పోతుంది. ఆమె పోయే లోపల ప్రతి వీఓ నుంచి ఒక ఆడపిల్లను పంపించండి, నేర్పిస్తుంది. అప్పులు ఇవ్వడానికే డబ్బు చాలదు, దీనికెక్కడిది అని ఓబీలు అడుగుతారని మాకు తెలుసు. న్యాయమైన ప్రశ్నే. మధ్యాహ్నం భోజనాలైనాక తీర్మానానికి పెడుతున్నారు కాబట్టి, దయచేసి తినేసి ఎవరూ బస్సుకు పరుగెత్తొద్దు.

వచ్చే ఆదివారం రెండు గంటలకు పాల చీటీ భాగం మళ్లీ వేస్తారు. బాక్సులో లోకల్ ఛానెల్ నెంబరు మారింది, మీ ఊరి వీఓఏని అడిగి రాసుకోండి.