మెరుగు మీది మచ్చ



పాత కొయ్యసామానుకు మెరుగు పెట్టునప్పుడు కలుగు దోషములను గూర్చియు, వానిని దిద్దు విధమును గూర్చియు నేడు కొన్ని మాటలు మనవి చేసెదను. బడిపంతులుకు ఈ పనివాని మాటలేల యని మీకు తోచవచ్చును. నేను చేసిన యొక పొరపాటే యిందులకు కారణము.

మా నివాసము హైదరాబాదు పాతనగరములోని లాల్‌దర్వాజా. మా తండ్రిగారు గ్రంథములు దాచుకొనిన టేకుపెట్టె యొకటి మా యింట గలదు. వారు 1958లో దాని మూతపై తమ పేరును, దాని క్రింద 'విళంబి' యని సంవత్సర నామమును నల్లసిరాతో వ్రాసి, పైన లక్క పాలిషు పెట్టించిరి. అద్దమువంటి ఆ పలుచని పొర కాపాడుటచేతనే ఆ యక్షరములు అంతకాలము నిలిచినవి.

కొన్నియేండ్ల క్రిందట భాద్రపదమాసమున, ముసురు పట్టిన దినములలో, పెట్టె వెలవెలబోయినదని తలచి నేనే బజారునుండి పాలిషు తెచ్చి పూసితిని. తెల్లవారునప్పటికి మూతయంతయు పాలు చల్లినట్లు తెల్లబారెను. కోపము వచ్చి గరుకు కాగితముతో బలముగా రుద్దితిని. తెలుపు పోయెను, దానితో క్రింది పొరయు పోయెను, 'విళంబి' యను మూడక్షరములును పోయెను. తండ్రిగారి చేవ్రాతను చేజేతుల చెరిపినవాడనైతిని.

అంతట శాలిబండ దగ్గర పాలిషుపని చేయు వృద్ధుని పిలిపించితిని. ఆయనను అందరును ఉస్తాద్ అందురు. ఆయన మూతను వెలుతురునకు వంచి చూచి, "పంతులుగారూ, మచ్చ కట్టెలో లేదు, పాత పాలిషులోను లేదు. మీరు పూసిన పొరలోనే యుండినది. దాని కొరకు అన్ని పొరలు తీసినారు" అనెను. ఎన్నో యేండ్లు పిల్లల వ్రాతలు దిద్దిన నాకు ఆ మాట సూటిగా తగిలెను. తాళపత్ర గ్రంథము చదువునప్పుడు లేఖకుని తప్పేదియో, కవి పాఠమేదియో మొదట విడదీయవలెనని మా గురువులు నేర్పిరి. గ్రంథమునందు పాటించిన ఆ వివేకమును గ్రంథపు పెట్టె విషయమున మరచితిని.

ఇక ఆయన చెప్పినదానిని, నేను పిమ్మట తెలిసికొనినదానిని వినుడు. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగులు స్రవించు పదార్థమే లక్క. చార్మినారు చెంత లాడ్‌బజారులో గాజులగునదియు ఇదియే. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. లక్కను శుద్ధిచేసి, రేకులుగా తీసి, స్పిరిటులో కరగించినచో పాలిషు అగును. స్పిరిటు వేగముగా ఆవిరియై పొరను చల్లబరచును. ముసురు దినములలో గాలిలోని తేమ ఆ చల్లని పొరపై చేరి యందు చిక్కుకొనును. తెలుపునకు కారణమిది. కావున వానకాలమున ఈ పని పెట్టుకొనరాదు.

తెలుపు వచ్చినచో రుద్దవలదు. పొడియెండ కాయు దినమువరకు ఆగి, దూదిని మెత్తని గుడ్డలో మూటకట్టి, స్పిరిటుతో కొంచెము మాత్రమే తడిపి, చేయి నిలుపక తేలికగా తుడువవలెను. పొర మెత్తబడి తేమ వెడలిపోవును. చేయి నిలిచినచో గుడ్డ అంటుకొని పొర లేచిపోవును. స్పిరిటు అగ్గికి తగులుకొనును. దగ్గర దీపమును, బీడీయును ఉండరాదు.

అయితే అన్ని మెరుగులును లక్కవి కావు. కనబడని మూల నొక స్పిరిటు చుక్క వేసి చూడుడు. జిగురు తేలినచో లక్క. మార్పు లేనిచో నూనె వార్నీషో, నేటి పాలీయూరితేనో కావచ్చును. అట్టివాని పొరపై ధూళి యంటినను, కారి గడ్డకట్టినను, పూర్తిగా ఆరనిచ్చి, సన్నని నీటికాగితమును చదునైన కొయ్యముక్కకు చుట్టి, ఎత్తైన చోటు మాత్రమే తడిపి సాన పెట్టవలెను. పిమ్మట పలుచగా మరియొక పొర వేయవలెను.

మోటారుకారుల రంగుపై నుండు పారదర్శకపు పొరకును ధర్మమిదియే. అది సుమారు 40 నుండి 50 మైక్రానుల మందము. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. రుద్దునప్పుడు నీరు తెల్లగా వచ్చినంతవరకు పైపొరయే అరుగుచున్నదని గ్రహింపవచ్చును. రంగునీరు కనబడినచో తక్షణమే ఆపవలెను. గీత గోటికి తట్టినచో అది లోతైనదని యెరిగి, పనివానికి చూపవలెను.

ఉస్తాద్ మూడు వారములు వచ్చి, దినమున కొక్క పలుచని పూత చొప్పున పెట్టె మెరుగును నిలిపెను. చెరిగిన అక్షరములను మరల వ్రాయుదునా యని నన్నడిగెను. వలదంటిని. నేను వ్రాయించినచో అవి తండ్రిగారి యక్షరములు కావు. పేరు మిగిలినది, దాని క్రింద ఖాళీచోటును మిగిలినది. దానిని చూచినప్పుడెల్ల, ఏ పొరలో దోషమున్నదో తెలియక చేయి పెట్టరాదని జ్ఞప్తికి వచ్చును.

మీ యిండ్లలోను తాతల నాటి తలుపులు, ఊయెలలు, వ్యాసపీఠములు ఉండును. వానిపై మచ్చ కనబడినచో మొదట వెలుతురున చూడుడు, పిమ్మట మూల పరీక్షింపుడు, అటుపిమ్మట తక్కువగా రుద్దుడు. తీసినది మరల పెట్టరాదు గదా! సెలవు.