కూలగొట్టే ముందు కాంటా వేద్దాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నా పని పాత వంతెనలను పరీక్షించడం. మన నిజామాబాదు, బోధన్ రోడ్ల మీద, కాలువల మీద రాతి కమాన్ల కల్వర్టులను మీరంతా దాటే ఉంటారు. ఎడ్లబండ్లను చూసి కట్టినవి. చెరకు ట్రాక్టర్లకెక్కింది, లారీలకెక్కింది. 2015లో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడ్డా ఇసుక లారీలు, వరికోత మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఈ కల్వర్టుల గురించి ఊళ్లో రెండే మాటలు. "పాతది, కూలగొట్టాలె." లేదంటే, "నిజాం కాలంది, దానికేం కాదు." రెండూ పరీక్షించకుండా అనే మాటలే.

కమాను బలం రాతి గట్టిదనంలో కన్నా దాని ఆకారంలో, రెండు చివర్ల ఆనికలో ఉంటుంది. బరువు రాయి నుంచి రాయికి దిగుతూ చివరి గోడలను బయటికి నెడుతుంది. ఒక్క బీట పడగానే కమాను కూలదు. నాలుగు చోట్ల కీళ్లలా విచ్చుకుంటేనే కూలుతుందని 1966లో జాక్ హేమన్ వివరంగా రాశారు.

అందుకే మేం ముందు నీళ్లలోకి దిగుతాం. పునాది కింద మట్టి కోసుకుపోయిందా చూస్తాం. సుత్తితో తట్టి వింటాం. బోలు చప్పుడొస్తే లోపల డంగుసున్నం పోయిందని అనుమానం. బయటికి కనిపించే మందం లోపల ఉండకపోవచ్చు, సన్న రంధ్రం వేసి కొలుస్తాం.

తర్వాత బరువు పరీక్ష. లారీల్లో ఇసుక నింపి, చెరకుకు వేసినట్టే కాంటా వేయిస్తాం. కమాను కింద డయల్ గేజీలు పెడతాం. మిల్లీమీటరులో వందో వంతు కదిలినా ముల్లు చెప్తుంది. లారీని నడిమధ్య నిలపాలని అందరూ అంటారు. కాని కమానుకు అసలు కష్టం ఒక పక్క పావు దూరంలో నిలిపినప్పుడే: ఇటు దిగుతుంది, అటు లేస్తుంది. ఎండకు రాయి సాగి లెక్క తప్పుతుంది కనుక తెల్లవారుజామునే మొదలుపెడతాం. బరువు కొంచెం కొంచెం పెంచుతాం. దించాక ముల్లు మొదటి చోటికి వస్తే సంతోషం. బరువు పెంచకుండానే కదులుతుంటే మాత్రం అక్కడే ఆపేస్తాం.

హైదరాబాదులో 1578 నాటి పురానాపూల్ ఉంది. 1908 మూసీ వరదలో మిగతా మూడు వంతెనలు తెగిపోతే అదొక్కటే నిలిచింది. దాని పేరు చెప్పి ప్రతి కల్వర్టునూ నమ్మమని నేననను.

నాకు కోపం తెప్పించేది మరొకటి: బాగుచేస్తున్నామంటూ సిమెంటు పూసి, నీళ్లు కారే రంధ్రాలు మూసేస్తారు. నీరు లోపల నిలిచి పక్క గోడలను తోస్తుంది.

మనలో సర్పంచులున్నారు, కాంట్రాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు. కూల్చివేత కాగితం మీ చేతికొస్తే సంతకానికి ముందు నాకొక ఫోన్ చేయండి. ఎండాకాలం, కాలువలో నీళ్లు లేనప్పుడైతే ఇంకా మేలు. నిచ్చెన నేనే తెచ్చుకుంటాను.