త్రిపుండ్రము - మూడు అడ్డగీతల అంతరార్థము



మన మల్లాపూరు ప్రాంతమువారు వేములవాడ రాజన్న దర్శనమునకు పోయి, ధర్మగుండమున స్నానమాచరించి, కోడె మొక్కు చెల్లించి, నుదుట మూడు విభూతి రేఖలతో తిరిగి వత్తురు. ఆ రేఖలు మనకేమి బోధించుచున్నవో నేడు విచారింతము.

కాలాగ్నిరుద్రోపనిషత్తులో సనత్కుమారుడు త్రిపుండ్రవిధిని అడుగగా కాలాగ్నిరుద్రుడు ఉపదేశించెను. శిరస్సు, లలాటము, వక్షము, భుజములు ధారణస్థానములు. మొదటి రేఖ గార్హపత్యాగ్ని, అకారము, ఋగ్వేదము, భూలోకము, క్రియాశక్తి. రెండవది దక్షిణాగ్ని, ఉకారము, యజుర్వేదము, అంతరిక్షము, ఇచ్ఛాశక్తి. మూడవది ఆహవనీయాగ్ని, మకారము, సామవేదము, ద్యులోకము, జ్ఞానశక్తి. అకార ఉకార మకారములు కలిసిన ప్రణవమే గదా! కావున మూడు రేఖలు ధరించుట ఓంకారమును ధరించుటయే.

గృహస్థునకు దీని నిత్యోపయోగమేమి? ఉదయము ఒక్కొక్క రేఖ దిద్దుకొనునపుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. నేడు నా పని శుద్ధమా? నా కోరిక ధర్మమా? తెలిసినదానిని ఆచరించుచున్నానా?

ఇచట మా పొరపాటొకటి చెప్పవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట గల్ఫునకు పోవు యువకుడొకడు వచ్చి, "అయ్యగారూ, ఆడ పనికాడ విభూతి పెట్టుకొనుడు కుదరదంటున్నరు, పాపమైతదా?" అని అడిగెను. నిత్యకర్మ విడువరాదని కఠినముగా పలికితిమి. అతడు తల వంచుకొని పోయెను. రెండేండ్లకు అతని తల్లి వచ్చినది. కొడుకు తెల్లవారుజామున స్నానము చేసి, విభూతి ధరించి, శివనామము జపించి, పనికి పోవుముందు తుడుచుకొనుచున్నాడట. తుడిచిన ప్రతి దినమును మా మాట తలచి కుములుచున్నాడట. ఆ మాట విని మేము సిగ్గుపడితిమి. "నాయనా, నీకు దోషము లేదు. తొందరపడినది మేమే" అని ఆ తల్లితోనే కబురంపితిమి.

ఆవుపేడ పిడక కాలి భస్మమైన పిదప మరల కాలుటకేమియు మిగులదు. అహంకారమును అట్లు కాల్చుమనియే విభూతి చెప్పుచున్నది. రేఖలు దిద్దుకొని పరుల మనసు నొప్పించినచో అది నుదుటి బూడిదయే. చెమట తుడిచినపుడు రేఖ చెరిగినను శివస్మరణ చెరుగదు.

ధర్మపురిలో నరసింహస్వామి, రామలింగేశ్వరుడు ఒకే గోదావరి ఒడ్డున వెలసియున్నారు. నిలువు నామము గొప్పదా, అడ్డగీత గొప్పదా యను వాదము మనకేల? వీలున్నవారు శ్రద్ధతో ధరింపుడు, వీలులేనివారిని నిందింపకుడు.

శుభం భూయాత్.