నేల కడుగు యంత్రము – మూడవ పిన్ను



కార్యాలయపు వరండాలు కడుగుటకును, గృహములయందు ధూళి పీల్చుటకును విద్యుద్యంత్రములు వచ్చుటచే శ్రమ తగ్గినది. అయితే తక్కిన పరికరములకంటె వీనియందు ప్రమాదము హెచ్చు. ఫ్యాను పైకప్పున తిరుగును. రేడియో బల్లపై నుండును. నేల కడుగు యంత్రము నీటిలో నడచును. దానిని నడుపువాని పాదములు తడిసియుండును. చేయి లోహపు పిడిని పట్టియుండును. దాని తీగ దినదినము ఈడ్వబడుచు, తలుపుల క్రింద నలుగుచుండును.

తీగపై పొర చిట్లి, లోపలి ఫేజు తీగ యంత్రపు లోహమును తాకెనేని ఏమగును? భారతదేశపు గృహములకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. తడిసిన దేహపు నిరోధము సుమారు 1000 ఓములని లెక్కింతురు. అప్పుడు దేహముగుండ పారునది 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణము తీయుటకు ఇది చాలును. 16 ఆంపియర్ల ఫ్యూజునకు మాత్రము ఇది లెక్కలోనికే రాదు.

మూడవ పిన్ను పని ఇచ్చటనే. యంత్రపు లోహదేహమును అది ఎర్తు తీగద్వారా భూమితో కలుపును. ఆ మార్గపు నిరోధము ఒక ఓము మాత్రమే యైనచో, 230 ఆంపియర్లు ఒక్కుమ్మడిగా పారి ఫ్యూజు తక్షణమే తెగును. ఆ పిన్ను పొడవుగా నుండుటచే, ప్లగ్గు పెట్టునపుడు ముందుగా తగిలి, తీయునపుడు చివరగా విడివడును. లావుగా నుండుటచే ఫేజు రంధ్రమున దూరదు.

ఇట్టి రక్షణను చేజేతుల తొలగించుకొనుట తరచు కానవచ్చును. సాకెట్టునకు రెండే రంధ్రములున్నవని మూడవ పిన్ను విరుతురు. ప్లగ్గు లేక తీగకొనలను అగ్గిపుల్లలతో బిగింతురు. ఎర్తు లేకున్నను మోటారు నిక్షేపముగా తిరుగును. అందుచేతనే లోపము తెలియదు. చతురస్రములో చతురస్రము గుర్తుగల యంత్రములు రెండంచెల రక్షణతో చేయబడినవి; వానికి రెండు పిన్నులే చాలును. తక్కినవానికి మూడవది తప్పనిసరి.

ఎర్తు గొయ్యి ఎండినచో నిరోధము పెరుగును. 20 ఓములైనచో 11.5 ఆంపియర్లే పారును. 16 ఆంపియర్ల ఫ్యూజు తెగదు. కావున వేసవిలో గొయ్యికి నీరు పోయవలెను. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అమర్పవలెను. పోవు విద్యుత్తును, తిరిగివచ్చు విద్యుత్తును సమానము కాకున్నచో అది క్షణములో సరఫరా నాపును. దాని పరీక్షమీటను అప్పుడప్పుడు నొక్కి చూడవలెను. అయితే ఆ మీట ఆర్.సి.సి.బి.ని మాత్రమే పరీక్షించును, ఎర్తు తీగను కాదు. ఎర్తును ఎలక్ట్రీషియనుచే చూపింపవలెను.

యంత్రమును తాకినపుడు చేయి జివ్వుమన్నచో, వెంటనే వదలి, గోడయొద్ద స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, దానిని మరల వాడరాదు. ఈ మాట పనివాడు చెప్పినపుడు, పనికి వంకయని గద్దింపక వినుట యజమాని ధర్మము. యంత్రమును కొనువారు వేరు, తడినేలపై నిలిచి నడుపువారు వేరు. కొత్త ప్లగ్గునకు కొలది రూపాయలు చాలును. విరిగిన పిన్నునకు వెల చెల్లించునది మాత్రము ఆ తడినేలపై నిలిచినవాడే.